పదోవాడికి చోటు

మీరు ఇప్పుడు ఆ పార్కులోంచే కదా వచ్చారు? అయితే ముందు చెప్పండి, ఏం చూశారు?

సిమెంటు బల్ల మీద ఇనుప మనుషులు వరసగా కూర్చున్నారు, ఒళ్ళో భోజనం డబ్బాలు పెట్టుకున్నారు, బాగున్నారు, పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాం అంటారు. సరే. ఎంతమంది? తొమ్మిది మంది. అదీ సరే. బల్లకి ఎడమ చివర ఏముంది? ఏమీ లేదు, ఖాళీ అంటారా? నిదానంగా చూసే అంటున్నారా, లేక చూసీ చూడనట్టు వచ్చేశారా? ఈ పేటలో ఇరవై రెండేళ్ళు అందరూ చేసిన పని అదే. అందుకే ఈ నిలదీయడం.

ఇసకమ్మ రోజూ పొద్దున్న ఆరున్నరకి ఆ బల్ల దగ్గరికి వస్తుంది. చేతిలో నూనె గుడ్డ ఉంటుంది. మంచుకీ వానకీ ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి ఒక్కొక్కరి మొహమూ తుడుస్తుంది. తుడుస్తూ ఊరుకోదు. "నీ మీసం కింద ఎప్పుడూ చెమ్మే, ఏం మీసమయ్యా అది" అని ఒకణ్ణి తిడుతుంది. డబ్బా మూత తెరిచి కునుకు తీస్తున్నవాడి నెత్తి మీద ఒక్కటి ఇస్తుంది. పార్కులో నడిచేవాళ్ళు పలకరిస్తే పలుకుతుంది. తోటమాలి గొట్టం లాక్కుంటూ వస్తే, "బల్ల మీద పోయకు, మొక్కలకి పొయ్యి" అని అరుస్తుంది. అతను అలాగే అంటాడు, బల్ల మీదే పోస్తాడు. రోజూ ఇదే తంతు.

ఆవిడకి వేరే పేరు ఉండే ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫౌండ్రీలో ఇసక కొట్టింది కాబట్టి ఇసకమ్మ అయింది. చెక్క నమూనాని పెట్టెలో పెట్టి, చుట్టూ తడి ఇసక కూరి, ఇనుప దిమ్మిసతో గట్టిగా కొట్టి, ఇసక రాలకుండా, అంచు విరగకుండా నమూనాని పైకి తియ్యాలి. లోపల మిగిలే ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. అంటే ఆవిడ జీతం తీసుకున్నది ఖాళీలు చేసినందుకు. ఖాళీలో రవ్వంత తప్పుంటే వస్తువంతా తప్పేనని ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఫౌండ్రీ మూతపడి పద్దెనిమిదేళ్ళయింది. దాని వెనక ఉన్న ఖాళీ స్థలాన్ని వార్డు ఆఫీసు పార్కు చేసింది. పార్కన్నాక నడుమ ఒక శిల్పం ఉండాలని, అది పేటవాళ్ళు కోరుకున్నదే అయి ఉండాలని పైనించి కాగితం వచ్చింది. వార్డు ఆఫీసరు, ముప్ఫై అయిదేళ్ళవాడు, మాట మెత్తన, చొక్కా నలగనివాడు, మూడు బొమ్మలు పట్టుకొచ్చి పేటవాళ్ళని కూర్చోబెట్టాడు. మొదటిది రెండు కొంగలు. ఒకటి అరచేతిలో భూగోళం. ఒకటి నోట్లోంచి నీళ్ళు చిమ్మే చేప.

"మీకు నచ్చింది మీరే ఎంచుకోండి" అన్నాడు ఆఫీసరు.

"చేపకి నీళ్ళు రోజూ వస్తాయా బాబూ?" అని వెనకనించి కుట్టుపని మరదలు అడిగింది. ఆవిడ ఇసకమ్మ తమ్ముడి పెళ్ళాం. వీధి మలుపులో బట్టలు కుడుతుంది.

"వస్తాయమ్మా. మోటారు పెడతాం."

"మాకు రోజు విడిచి రోజు వస్తున్నాయి. అయితే మమ్మల్నీ చేపల్లో రాసుకోండి."

అందరూ గొల్లుమన్నారు. ఆఫీసరు కూడా నవ్వి, బొమ్మలు మడిచి పెట్టుకున్నాడు. అప్పుడు తోటమాలి లేచాడు. అతనూ ఒకప్పుడు ఫౌండ్రీవాడే. "మధ్యాహ్నం గంట కొట్టాక గోడవార బల్ల మీద కూర్చుని డబ్బాలు విప్పేవాళ్ళం కదా. అది పెట్టండి" అన్నాడు. ఇక వేరే మాట రాలేదు. గొలుసు తెగిన రోజు పోయినవాళ్ళంతా ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళే.

గొలుసు సంగతి చెప్పాలి. కరిగిన ఇనుమున్న పెద్ద బాన గొలుసు మీద వేలాడుతూ కొలిమి నించి అచ్చుల దాకా నడుస్తుంది. ఇరవై రెండేళ్ళ కిందట ఒక ఉదయం ఆ గొలుసు తెగింది. కింద ఉన్నవాళ్ళు పోయారు. అక్కడ మిగిలినదాంట్లో ఎవరెవరో పోల్చుకునే వీలు లేదు. అందుకని హాజరు పలక చూశారు. గేటు దగ్గర ఉండే పెద్ద చెక్క పలక అది. ప్రతి పనివాడికీ ఒక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద అంకె. మనిషి లోపలికి వెళితే బిళ్ళ కుడివైపు మేకుకి తగిలిస్తారు. బయటికి వెళితే ఎడమవైపు. బాన పడిన షెడ్డువాళ్ళ బిళ్ళలు కుడివైపు తొమ్మిది మిగిలాయి. కాబట్టి పోయింది తొమ్మిది మంది అని కంపెనీ తేల్చింది.

ఇసకమ్మ తమ్ముడు ఆ రోజు పనికి వెళ్ళాడు. ఎప్పుడూ ఈల వేస్తూ నడుస్తాడని అతన్ని ఈలగాడు అనేవారు. అతనికి సొంత బిళ్ళ లేదు. ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు వెళ్ళే బదిలీ మనిషి. ఆ రోజు నూట పదిహేడో బిళ్ళవాడికి జ్వరం. హాజరు గుమస్తాకి నోటిమాటగా చెప్పి ఈలగాడు అతని బదులు వెళ్ళాడు. తిరిగి రాలేదు. పలక మీద నూట పదిహేడు ఎడమవైపు ఉంది. అంటే ఆ బిళ్ళ మీద ఎవరూ లోపలికి వెళ్ళలేదు. మరి మనిషేడి అంటే, పారిపోయి ఉంటాడు అన్నారు. పెళ్ళాన్ని వదిలేసి ఏ ఊరో పోయుంటాడు, ఈలలు వేసుకునేవాడికి నిలకడేముంది అన్నారు. ఒకడన్నాడు, పదిమంది తలూపారు. నెల తిరక్కుండా అదే నిజమై కూర్చుంది.

నూట పదిహేడో బిళ్ళవాడే ఇప్పటి తోటమాలి. ఇసకమ్మ అడిగినప్పుడల్లా, "నా బదులే వెళ్ళాడు అక్కా, ఇంటికొచ్చి నన్ను అడిగే వెళ్ళాడు" అనేవాడు. కాగితం మీద రాసివ్వరా అంటే తల దించుకునేవాడు. అప్పట్లో ఫౌండ్రీ ఉద్యోగం పోతుందని, ఇప్పుడు పార్కు ఉద్యోగం పోతుందని. హాజరు గుమస్తాని పేటంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన్ని ఇసకమ్మ ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. "బాబాయ్, ఆ పొద్దున నా తమ్ముణ్ణి నువ్వు లోపలికి పంపావా లేదా?" ఆయన కళ్ళజోడు తుడుచుకునేవాడు. "గుర్తులేదమ్మా. రోజుకి నాలుగొందల బిళ్ళలు చూసినవాణ్ణి."

అలాంటి రికార్డు చేతిలో పెట్టుకుని ఆఫీసరు శిల్పానికి అనుమతి ఇచ్చాడు. తొమ్మిది విగ్రహాలు, పద్దెనిమిది అడుగుల బల్ల, తొమ్మిది పేర్ల ఫలకం.

"పదిమంది బాబూ" అంది ఇసకమ్మ.

"రికార్డులో తొమ్మిదే ఉన్నారమ్మా."

"రికార్డు తప్పు."

"తప్పని రాతపూర్వకంగా ఎవరైనా ఇస్తే సరిచేస్తాం. మీరు అక్కగారు, మీ మాట చెల్లదు. రక్తసంబంధం."

తోటమాలి ఆవిణ్ణి పక్కకి పిలిచాడు. "అక్కా, అచ్చులు కొట్టేది నువ్వే. పదోది కూడా కొట్టెయ్. తీరా కూర్చోబెట్టాక ఎవడు లేపుతాడు?"

ఇసకమ్మ అతని మొహంలోకి చూసింది. "దొంగతనంగానా? నా తమ్ముణ్ణి ఇప్పటికే దొంగని చేశారు, మొహం చాటేశాడన్నారు. మళ్ళీ నా చేత్తో దొడ్డిదారిన తెచ్చి కూర్చోబెట్టనా? పిలిస్తేనే వస్తాడు. పేరు పెట్టి పిలవాలి." అంది. అని తొమ్మిది అచ్చులే కొట్టింది.

ఇనుము పేట ఇచ్చింది. పాత పొయ్యిలు, కిటికీ ఊచలు, తిరగని పంపుల చక్రాలు, కుట్టుమిషన్ల పాదాలు, ఎవరో ముసలాయన ఇస్త్రీపెట్టె. ఫౌండ్రీలో మిగిలిన చిన్న కొలిమిని బాగుచేసుకుని అవన్నీ కరిగించారు. పాత చేతులన్నీ మళ్ళీ పనిలోకి దిగాయి. అచ్చులు పగలగొట్టిన రోజు ఇళ్ళలో పొయ్యి వెలిగించినవాళ్ళు లేరు, అందరూ అక్కడే ఉన్నారు.

బల్ల మాత్రం మేస్త్రీ కట్టాడు. పద్దెనిమిది అడుగులే కట్టాడు, కానీ ఫౌండ్రీ స్కేలుతో కట్టాడు. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కదా, ఆ తరుగుకి సరిపడా ఫౌండ్రీ స్కేలులో అడుగు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ ఉంటుంది. కంపెనీ మూతపడినప్పుడు తలా ఒక స్కేలు ఇంటికి తెచ్చుకున్నారు. అప్పటినించి పేటలో ప్రతి గుమ్మమూ, ప్రతి మంచమూ దాంతోనే కొలిచారు. బజార్లో కొన్న తలుపు ఇక్కడ ఏ గుమ్మానికీ సరిపోదు, కింద నించి గాలి కొడుతూనే ఉంటుంది. అలాగే సిమెంటు బల్ల కూడా, ఏ తరుగూ లేనిది, పద్దెనిమిది నూళ్ళు ఎక్కువొచ్చింది. తొమ్మిదిమందినీ కూర్చోబెట్టి బోల్టులు బిగించాక ఎడమ చివర రెండంగుళాల పావు మిగిలింది.

"కొలత తప్పలేదు, స్కేలే పెద్దది" అన్నాడు మేస్త్రీ, తనకేం సంబంధం లేనట్టు.

వారం తిరిగేసరికి ఆ రెండంగుళాలు నాలుగయ్యాయి. నీళ్ళు పోస్తూ తోటమాలి మొదట చూశాడు. బోల్టులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి, మనుషులు మాత్రం తలా కాస్త కుడివైపుకి సర్దుకున్నారు, బస్సులో ఇంకొకరు ఎక్కినప్పుడు సర్దుకున్నట్టు. ఆ సంగతి అతను మేస్త్రీతో చెప్పాడు.

"ఇనుము కదా" అన్నాడు మేస్త్రీ. "చల్లారితే దగ్గరికి వస్తుంది."

"చల్లారి రెండు నెలలయింది కదా."

"లోపల చల్లారడానికి టైము పడుతుంది."

అక్కడితో ఆ చర్చ అయిపోయింది. పొద్దున్నే నడిచేవాళ్ళు, "ఇవాళ ఎంత?" అని అడిగేవాళ్ళు. "ఏడున్నర" అనేవాడు తోటమాలి. "పర్లేదు, వస్తోంది" అనుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. నెల రోజులకి మోకాళ్ళు మోకాళ్ళకి ఆనాయి. కునుకు తీసేవాడి తల పక్కవాడి భుజం మీదికి వచ్చింది. ఎడమ చివర చోటు జానెడు దాటింది.

ఆఫీసరుకి మాత్రం ఇది మింగుడుపడలేదు. జరిగినందుకు కాదు, అడక్కుండా జరిగినందుకు.

"ఎవరు జరిపారు?" అని తోటమాలిని నిలదీశాడు.

"వాళ్ళే సార్."

"వాళ్ళే అంటే?"

"కూర్చున్నవాళ్ళే."

"అనుమతి పత్రంలో మనిషికి మనిషికి రెండడుగులు అని స్పష్టంగా ఉంది కదయ్యా. ఇష్టం వచ్చినట్టు కూర్చోవడానికి ఇదేమన్నా వాళ్ళ ఇల్లా?"

రెంచీలు తెచ్చి అందరినీ మళ్ళీ సమానంగా పరిచారు. మూడోనాటికి మళ్ళీ సర్దుకున్నారు. వెల్డింగు పెట్టించారు. వెల్డింగు అతుకులు చెక్కుచెదరలేదు, అతుకులతో సహా జరిగారు. పాదాల చుట్టూ సిమెంటు పోశారు. సిమెంటు గట్టిపడింది, మనుషులు ఇంకో రెండంగుళాలు దగ్గరయ్యారు. ఆఫీసరు ఫైల్లో 'మందలించినప్పటికీ విగ్రహాల ప్రవర్తనలో మార్పు లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ఇన్ని జరుగుతున్నా పార్కులో అడుగుపెట్టని మనిషి ఒక్కరే, కుట్టుపని మరదలు. ఇసకమ్మ ఒక సాయంత్రం కొట్టుకి వెళ్ళి మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏమే, ఊరంతా చూసొచ్చింది. నీకు తీరికలేదా?"

"బట్టలున్నాయి వదినా."

"నీ మొగుడి కోసం చోటు చేస్తున్నారే అక్కడ. ఎవరికీ పట్టనిది ఇనుముకి పట్టింది. నీకు పట్టదా?"

మరదలు మిషను ఆపింది. నోట్లో పెట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి గుచ్చింది.

"ఇరవై రెండేళ్ళనించీ నువ్వు ఆయన చచ్చిపోయాడని రాయించడానికి తిరుగుతున్నావు" అంది. "నీకు పౌరుషం. తమ్ముడికి మాట రాకూడదు. నా సంగతి ఎప్పుడైనా అడిగావా? పారిపోయాడంటే నలుగురూ నవ్వుతారు, నవ్వనీ. పారిపోయాడంటే బతికున్నట్టే కదా వదినా. ఏ ఊళ్ళోనో, ఎవత్తెతోనో, తింటున్నాడు, తిరుగుతున్నాడు. నీ ఫలకం మీద పేరు ఎక్కిన రోజు నాకు ఆయన పోతాడు."

ఇసకమ్మ స్టూలు యథాస్థానంలో పెట్టి, ఇంటికి వచ్చేసింది. ఆ రాత్రి తమ్ముడు గుర్తు రాలేదు ఆవిడకి. కొట్టు కట్టేసి ఒక్కతే భోజనానికి కూర్చునే మరదలు గుర్తొచ్చింది. ఎవరికోసం కొట్లాడుతున్నాను నేను అని మొదటిసారి అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం, పార్కులో ఎవరూ లేని ఎండవేళ, ఇసకమ్మ చెట్టు కింద కూర్చుని ఉండగా గేటు చప్పుడయింది. మరదలు. మెడలో కొలత టేపు వేలాడుతోంది, తియ్యడం మర్చిపోయి వచ్చినట్టుంది. వదినని చూడలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి ఆ చివర్నించి ఈ చివరి దాకా చూసింది. ఎడమ చివర దగ్గర ఆగింది.

ఇసకమ్మకి అప్పుడు తట్టింది. తమ్ముడిది ఎడమచెయ్యి. తినేటప్పుడు పక్కవాడికి మోచెయ్యి తగులుతుందని, బల్లకి ఎడమ చివరే కావాలని పట్టుబట్టి కూర్చునేవాడు. అచ్చులు కొట్టేటప్పుడు అది ఆవిడ మనసులో లేనే లేదు.

మరదలు మెడలోంచి టేపు తీసింది. పక్కనున్న ఇనుప మనిషి భుజం నించి బల్ల అంచు దాకా పట్టి చూసింది. మళ్ళీ చూసింది. మోచెయ్యి ఆడేంత చోటు వేలితో గుర్తుపెట్టుకుని, అది తీసేసి, ఇంకోసారి భుజాల మట్టానికి కొలిచింది. తరవాత టేపు చుట్టి గుప్పిట్లో పెట్టుకుని నిలబడింది.

"ఎంత?" అంది ఇసకమ్మ, చెట్టు కిందనించి.

"పదిహేడున్నర." తలతిప్పకుండానే చెప్పింది. "పెళ్ళైన కొత్తలో చొక్కా కుట్టాను. భుజం పదిహేడున్నర. కుడిభుజం పావంగుళం దిగుతుంది. ఇక్కడ ఈ పక్కాయన కూడా దానికి సరిపడా భుజం ఒదిగించాడు, చూశావా?"

ఇసకమ్మ లేచి దగ్గరికి వెళ్ళింది. మరదలు అంది. "ఎవరు చెప్తారు వదినా వీళ్ళకి, పావంగుళం సంగతి? నాకు తప్ప ఎవరికి తెలుసు?" ఆ తరవాత అక్కడే బల్ల పక్కన నేల మీద కూలబడి, ఇరవై రెండేళ్ళది ఒక్కసారిగా ఏడ్చింది. లేచాక మొహం కడుక్కుని, "ప్రారంభోత్సవం ఎప్పుడు?" అని అడిగింది.

"ఆదివారం."

"తొమ్మిది పేర్ల మీద గుడ్డ తియ్యనివ్వను" అంది మరదలు. "అడ్డం కూర్చుంటాను. నువ్వు వస్తావా?"

"నేను రాకపోతే ఎవరొస్తారే?"

ఆదివారం పది గంటలకి పార్కు నిండింది. షామియానా, కుర్చీలు, మైకు. బల్లకి ఎదురుగా రాతి దిమ్మె, దాని మీద ఇత్తడి ఫలకం, ఫలకం మీద పసుపు గుడ్డ. వదినా మరదళ్ళు పొద్దున్నే వచ్చి దిమ్మెకి ఆనుకుని కూర్చున్నారు. ఆఫీసరు చూశాడు, తరవాత చూద్దాంలే అనుకున్నాడు. అతని తల నిండా బల్ల చివరి ఖాళీయే ఉంది. మూయడానికి వీల్లేదని తేలిపోయింది. తెలివైనవాడు కాబట్టి, మూయలేనిదాన్ని తనదే అని చెప్పుకోవాలనుకున్నాడు.

"పేటవాళ్ళు కూడా వచ్చి వీళ్ళ పక్కన కూర్చోవాలనే ఉద్దేశంతో మా ఆఫీసు ప్రత్యేకంగా ఒక చోటు వదిలింది" అన్నాడు మైకులో. "ఆ చోట్లో మొట్టమొదట కూర్చోవలసింది ఫౌండ్రీలో అందరికన్నా పెద్దవారు. బాబాయ్ గారూ, రండి."

హాజరు బాబాయ్‌కి ఎనభై ఒకటి. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతికర్ర. చప్పట్ల మధ్య నడిచి వచ్చాడు. ఫొటో తీసేవాడు సిద్ధంగా ఉన్నాడు. బాబాయ్ కర్ర పక్కన పెట్టి, వెనక్కి చూసుకుని, కూర్చున్నాడు.

కూర్చున్నాడనే అందరూ అనుకున్నారు. చూస్తే నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి బాబాయ్ గారూ."

మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ నిలబడే ఉన్నాడు. ఎవరో తోసినట్టు లేదు, జారినట్టు లేదు. నిండిన కుర్చీలో కూర్చోబోయి అయ్యో అని లేచిన మనిషిలా ఉన్నాడు. మూడోసారి కూర్చోబోతూ, తెలియకుండానే, "క్షమించు నాయనా" అన్నాడు. అది మైకులో వినపడింది.

"ఏమైందండీ?" అన్నాడు ఆఫీసరు నవ్వు చెరగనివ్వకుండా. "ఖాళీగానే ఉంది కదా."

బాబాయ్ కళ్ళజోడు తీశాడు. తుడుచుకోలేదు. "ఖాళీ లేదు బాబూ" అన్నాడు. "ఇక్కడ మనిషి ఉన్నాడు."

దిమ్మె దగ్గరనించి మరదలు లేచి నిలబడింది.

"ఎవరు బాబాయ్?" అంది. "ఎవరున్నారు? పేరు పెట్టి చెప్పు."

ఆయన ఆవిడ వైపు తిరగలేకపోయాడు. బల్ల వైపే చూస్తూ చెప్పాడు. "నేనే పంపాను. నూట పదిహేడు మీద. బిళ్ళ నేనే కుడివైపు తగిలించాను. గొలుసు తెగాక మేనేజరు పిలిచి, రాయకుండా బదిలీ పంపినందుకు నీ ఉద్యోగమే కాదు, నువ్వే జైలుకి పోతావు అన్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆ బిళ్ళ తీసి ఎడమవైపు మేకుకి తగిలించాను. అంతే చేశాను. జానెడు దూరం. ఒక్క క్షణం పని."

ఆఫీసరు సైగ చేశాడు. మైకు ఆగిపోయింది. కానీ కొలిమి హోరులో నాలుగొందల మందిని పిలిచిన గొంతు అది, దానికి మైకు ఎప్పుడూ అవసరం లేదు. బాబాయ్ నిటారుగా నిలబడి, పాత రోజుల్లోలా, ఆ చివర్నించి మొదలుపెట్టి తొమ్మిది పేర్లూ పిలిచాడు. ప్రతి పేరుకీ ఆ ఇంటివాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడ లేచి నిలబడ్డారు. అప్పుడు పదో పేరు పిలిచాడు. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో పిలిచాడు. "హాజరు" అన్నాడు.

ఇసకమ్మ నిలబడింది. మరదలు అప్పటికే నిలబడి ఉంది. నడిచి ఆయన ముందుకి వచ్చింది.

"ఇరవై రెండేళ్ళు నా మొగుణ్ణి ఊళ్ళు తిప్పావు బాబాయ్" అంది. "వీధిలో ఎవరు ఈల వేసినా గుమ్మంలోకి పరిగెత్తాను."

"తప్పయిపోయిందమ్మా. నన్ను..."

"ఆ మాట అడక్కు. నా దగ్గర లేదు." ఆఫీసరు ముందున్న కాగితం, పెన్ను తీసి ముందుకి చాపింది. "రాయి."

బాబాయ్ ఫొటోగ్రాఫరు పెట్టె మీద కాగితం పెట్టుకుని రాశాడు, సంతకం పెట్టాడు. అక్షరం వంకర పోలేదు, గుమస్తా చెయ్యి కదా. ఆయన పక్కకి జరగగానే తోటమాలి వచ్చాడు. ఆఫీసరు ఎదురుగానే, ఆఫీసు ఇచ్చిన టోపీ తీసి అతని కుర్చీలో పెట్టాడు. "ఆ బిళ్ళ నాది" అన్నాడు. బాబాయ్ సంతకం కిందే తన సంతకం పెట్టాడు. ఇసకమ్మ అతని వీపు మీద ఒక్క దెబ్బ వేసింది. తిట్టో, మెప్పో అతనికి తెలిసిపోయింది.

ఆఫీసరు కాగితాన్ని చాలాసేపు చదివాడు. మనిషి చెడ్డవాడు కాదు. పేట మొత్తం తన చుట్టూ నిలబడి ఉందనీ గమనించాడు. "ముగ్గురు సాక్షులు కావాలి" అన్నాడు చివరికి. "రక్తసంబంధం కానివాళ్ళు. ఈ తోటమాలి ఆ రోజు ఇంట్లో ఉన్నాడు, అతన్ని ఎలాగోలా లెక్కలోకి తీసుకుంటాను. మూడోవాళ్ళు మాత్రం ఆ బదిలీ మనిషి గేటు దాటడం కళ్ళారా చూసినవాళ్ళే అయి ఉండాలి. అది తెస్తే పది పేర్లతో ఫలకం నేనే పోత పోయిస్తాను."

"పోత నేను పోస్తాను" అంది ఇసకమ్మ. "మీరు గుడ్డ తియ్యకుండా ఉండండి చాలు."

గుడ్డ ఇంకా తియ్యలేదు. తొమ్మిది పేర్లు దాని కిందే ఉన్నాయి. మధ్యాహ్నం పూట మరదలు మిషను ఆపేసి పార్కుకి వెళుతుంది. ఆ ఎడమ చివర కూర్చుంటుంది. ఆవిడ కూర్చుంటే నిలబడే ఉండటాలు ఏమీ ఉండవు, చక్కగా కూర్చుంటుంది, డబ్బా విప్పుతుంది. ఇద్దరికి కడతానని ఎవరికీ చెప్పదు, ఎవరూ అడగరు. పక్కింటావిడ మొన్న ఆవిణ్ణి 'మొగుడు వదిలేసినావిడ' అనబోయి నాలిక కరుచుకుంది. ఇక ఆ మాట ఈ పేటలో వినపడదు.

కాగితం ఇసకమ్మ పెట్టెలో ఉంది. రెండు సంతకాలున్నాయి, మూడోదాని చోటు ఖాళీగా ఉంది. ఆ పొద్దున ఆరింటికి గేటు ముందు వరసలో పొద్దున షిఫ్టువాళ్ళు నూట ఎనభై మంది నిలబడ్డారు. అందరూ చచ్చిపోలేదు. కొందరు ఈ పేటలోనే కళ్ళు కనపడట్లేదంటూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కొందరు పిల్లల దగ్గర, వేరే ఊళ్ళలో ఉన్నారు. బదిలీ మనిషి గేటు దాటడం వాళ్ళు చూశారు, చూశామని తెలుసు, అడిగినవాళ్ళు లేక ఊరుకున్నారు. ఆ వరసలో మీ నాన్న ఉండొచ్చు. మీ మామయ్య ఉండొచ్చు.

ఇవాళ ఇంటికెళ్ళి అడుగుతారా, అడగరా?